చేతిలో ఒకటి

మొన్న ఆదివారం రైతుబజారులో కొత్త చింతపండు బస్తా విప్పుతుంటే సరిగ్గా పక్కనే ఉన్నాను. బస్తా మూతికి కట్టిన పురికొస తెగ్గానే గుప్పున వచ్చింది వాసన. పుల్లగా, కాస్త పాత బెల్లంలా, అడుగున ఎండిన దుమ్ము వాసన కూడా కలిసి. ఏం కొనడానికి వెళ్లానో మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. "గింజ తీసిందేనమ్మా, చేయి పెట్టి చూసుకోండి" అన్నాడు కొట్టతను. నాకు గింజలే కావాలి నాయనా అంటే ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, బస్తా అడుగున, గోనె కుట్లలో ఇరుక్కున్నవన్నీ ఏరి ఒక గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

ఇంటికొచ్చి కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి లెక్కపెట్టాను. 38 ఉన్నాయి. మా అయ్యవారి లెక్కకి ఇంకా 62 తక్కువ.

*

మాది కంభానికీ మార్కాపురానికీ మధ్య రైలుకట్ట పక్కన ఉండే ఊరు. పడమటి వైపు నల్లమల కొండలు నీలంగా కనపడుతుండేవి. మెట్ట సేద్యం, జొన్న, సజ్జ, కంది, ఆముదం. వానలకు కరువొచ్చేది గానీ చింతచెట్లకు ఎప్పుడూ కరువు లేదు. బడి ముందు కూడా ఒక పెద్ద చింతచెట్టు ఉండేది, ఎండాకాలంలో సగం చదువు దాని కిందే.

ఒకటి నుంచి అయిదు దాకా అందరికీ ఒకే గది, ఒకే అయ్యవారు. ఒకటో తరగతి వాళ్లం గోడ వారగా, అయిదో తరగతి వాళ్లు తలుపు దగ్గర. ఆ మూల ఎక్కాలు వల్లె వేస్తుంటే ఈ మూల మేము అంకెలు దిద్దుతుండేవాళ్లం, అట్లా వినీ వినీ మాకు రెండో ఎక్కం అర్థం తెలియకముందే నోటికి వచ్చేసింది.

ఒకటో తరగతిలో చేరిన పిల్లలంతా ఒక గుడ్డసంచిలో నూరు చింతగింజలు తెచ్చుకోవాలని అయ్యవారి నియమం. పుస్తకం లేకపోయినా ఊరుకునేవారు గానీ గింజల సంచి లేకపోతే ఇంటికి పంపేవారు. నా సంచి మా అవ్వ కుట్టింది, తన పాత చీర కొంగుతో, మూతికి నాడా దూర్చి. చింతపండు కొట్టే రోజులు కాబట్టి ఇంటి నిండా గింజలే. పగలంతా వసారాలో కూర్చుని ఆడవాళ్లు పెంకు తీసి, ఈనెలు లాగి, చిన్న సుత్తితో కొట్టి గింజ తీస్తుంటే ఆ టకటక ఊరంతా వినపడేది. ఆ గింజల్లోంచి అవ్వ ఒక్కొక్కటీ ఏరి పదేసి చొప్పున నేల మీద కుప్పలు పెట్టింది. "పది కుప్పలైతే నూరు. లెక్కపెట్టుకో అమ్మీ" అంది. అవ్వకు చదువు రాదు. కానీ నూరంటే పది పదులని నాకు మొదట చెప్పింది ఆమే.

ఆ గింజలతో బడిలో లెక్కలు, బయట ఆటలు. బండరాయి మీద ఒక వైపు అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడేది, అవే అష్టాచెమ్మకు గవ్వలు. గట్టిగా రుద్ది వేడెక్కగానే పక్కవాళ్ల చేతికి ఆనిస్తే చురుక్కుమనేది. అందుకే మా అందరి సంచుల్లోనూ సగం గింజలు ఒక పక్క నున్నగా నల్లగా, ఒక పక్క తెల్లగా ఉండేవి.

*

పలక సంగతి చెప్పకుండా ఉండలేను. పలకలు తయారయ్యే మార్కాపురం దగ్గర కాబట్టి మాకు పలకలకు కొదవ లేదు. నాయన చెన్నకేశవస్వామి తిరునాళ్లకు వెళ్లినప్పుడు చెక్క చట్రం ఉన్న రాతి పలక తెచ్చేవాడు. పైన తీగకు ఎర్రవీ, పచ్చవీ పూసలు గుచ్చి ఉండేవి. కింద పడితే మాత్రం అంతే సంగతులు. పలక నల్లదనం తగ్గితే దొండాకు, బొగ్గు కలిపి రుద్దేవాళ్లం. ఆ పసరు వాసన, బలపం కీచుమనే చప్పుడు, తడి ఆరేదాకా పలకను గాలిలో ఊపుతూ నిలబడే పిల్లలు. బలపం కొరుక్కుతినే అలవాటు నాకూ ఉండేది. అవ్వ తిట్టేది, అయినా మానలేదు.

మా నాయన మేనత్త కొడుకు ఒకాయన మార్కాపురంలో పలకల పనికి పోయేవాడు. పండక్కి వచ్చినప్పుడు రాత్రంతా దగ్గుతుండేవాడు. పలక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో పెద్దయ్యాక తెలిసింది. ఇప్పుడు ఎక్కడైనా రాతి పలక కనిపిస్తే ముందు ఆ దగ్గే వినపడుతుంది నాకు.

*

కూడికలు మొదలుపెట్టిన రోజు బాగా గుర్తు. "మూడు గింజలు పెట్టండి. పక్కన ఇంకో రెండు పెట్టండి. ఇప్పుడు అన్నీ కలిపితే ఎన్ని?" అందరం ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టాం, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయ్యవారు వంగి నా మూడు గింజల మీద తన అరచేయి బోర్లించారు. "ఇవి మూడని నీకు తెలుసు కదా. మళ్లీ ఎందుకు లెక్కపెట్టడం?" చేయి తీయలేదు. నాకు గింజలు కనపడటం లేదు. కాసేపు ఆ చేతినే చూశాను, వేళ్ల మధ్య సుద్దముక్క పొడి, గోళ్ల కింద సిరా. "మూడు మనసులో పెట్టుకో. మిగతావి చెప్పు." నాలుగు, అయిదు అన్నాను.

ఆ రోజు నుంచి అదే సూత్రం. పెద్దది మనసులో, చిన్నది వేళ్ల మీద. ఏడూ నాలుగూ ఎంతంటే ఏడు మనసులో అని గుండె మీద చేయి పెట్టుకోవాలి, అది ఆయన పెట్టిన పద్ధతి, తర్వాత నాలుగు వేళ్లు ఎత్తి ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. గదిలో పదిహేను మంది పిల్లలు గుండె మీద చేయి వేసుకుని నిలబడి ఉంటే బయటినుంచి చూసేవాళ్లు ప్రతిజ్ఞ చెప్తున్నారేమో అనుకునేవాళ్లు. ఇప్పటికీ నేను కూరగాయల లెక్క వేసేటప్పుడు కుడిచేయి తనంతట తానే గుండె దగ్గరికి వెళ్తుంది.

ఆ తర్వాత పదికి తోడు వెతికే ఆట. ఆయన "ఎనిమిది ఒక్కటే నిలబడింది, తోడెవరు?" అంటే "రెండూ" అని అరవాలి. ఏడుకు మూడు, ఆరుకు నాలుగు, అయిదుకు అయిదే. సాయంత్రం గంట కొట్టే ముందు ఇది అయిదు నిమిషాలు తప్పనిసరి. ఇంటికి పరిగెత్తే తొందరలో తప్పు చెప్పినవాళ్లు ఇంకో రెండు చెప్తేగానీ కదలడానికి లేదు.

*

కళ్లంలో జొన్నలు కొలిచేటప్పుడు నన్ను కూర్చోబెట్టేవాళ్లు, కుంచానికి ఒక గింజ చొప్పున పక్కన పెట్టడానికి. కొలిచే ఆయన మొదటి కుంచం పోస్తూ ఒకటి అనేవాడు కాదు, "లాభం" అనేవాడు. కుంచం నిండేదాకా ఆ మాటే, లాభం... లాభం... లాభం. ఆ పైన రెండు... రెండు... మూడు... మూడు. లెక్క మర్చిపోకుండా అట్లా రాగం తీసేవాడు. ఆరు దాటాక "ఆరున్నొకటి" అన్నాడు. తర్వాత ఎనిమిది.

ఏడేదని అడిగాను. అవ్వ నా నోటి మీద చేయి పెట్టింది. "కళ్లంలో ఆ మాట అనకూడదమ్మీ. ఏడుపు మాట."

మర్నాడు బడిలో మూడూ నాలుగూ ఎంత అంటే నేను ఆరున్నొకటి అన్నాను. పిల్లలు నవ్వారు. అయ్యవారు నవ్వలేదు. "నిజమే కదా. ఆరూ ఒకటీ ఏడే. మూడూ నాలుగూ ఏడే. ఇంకెన్ని రకాలుగా వస్తుందో చూడండి" అన్నారు. గింజలు నేల మీద పోసి అటూ ఇటూ జరిపాం. అయిదూ రెండూ వచ్చింది. ఒకడు లేచి ఏడూ సున్నా కూడా ఏడే అయ్యవారూ అన్నాడు. సున్నా అంటే ఏమీ లేకపోవడమే కదా, ఏమీ లేనిదాన్ని కలపడమేంటని ఇంకొకడు. ఆ గొడవ మధ్యాహ్నం అన్నం వేళ దాకా సాగింది. ఏడు అనే అంకె ఇన్ని ముక్కలుగా విడిపోయి మళ్లీ కలుస్తుందని తెలిసిన ఆ పూట నాకు కలిగిన సంతోషం మళ్లీ ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

అవ్వకు తన లెక్కలు తనకున్నాయి. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తడుముకుంటూ పోయేది, వేలికి మూడు, చేతికి పన్నెండు. పాల లెక్క గోడ మీద బొగ్గు గీతలు. డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం అణాలే. 1957లో రూపాయికి నూరు పైసలు చేశాక కూడా ఆమె మనసు పదహారు అణాల దగ్గరే ఉండిపోయింది. ఆ కొత్తలో జరిగిందని ఒక సంగతి చెప్పేది. నాలుగిళ్లకు తలా ఒక అణా పెరుగు పోసిందట, అణాకు ఆరు పైసల చొప్పున నాలుగిళ్ల వాళ్లూ ఇచ్చారు, కలిపితే 24. కానీ నాలుగు అణాలంటే పావలా, పావలా అంటే 25 పైసలు. "కూడితే తక్కువెట్లా అయింది? ఆ పైసా ఎవరి చేతిలో పోయిందమ్మీ?" అని నన్ను అడిగేది. అణాకు నిజంగా ఆరూ పావు పైసలు, పావులు పారేశారని నాకు అర్థమయ్యేసరికి ఆమె లేదు. ఆమె అడిగింది సరైన ప్రశ్న. ఆ రోజుల్లో ఎంతమంది ముసలివాళ్లు అట్లా అడిగి ఊరుకున్నారో అనిపిస్తుంది. 2011లో పావలా బిళ్ల కూడా చెల్లదన్నప్పుడు నాకు మా అవ్వే గుర్తొచ్చింది.

*

గూడ్సు బండి వచ్చిందంటే అన్నా నేనూ కట్ట మీదికి పరుగు. అప్పుడది చిన్న పట్టాల లైను, మీటర్ గేజి, పొగ ఇంజను. మూసిన పెట్టెలు అన్న లెక్క, తెరిచినవి నా లెక్క. బండి పోయాక ఆ పొగలోనే నిలబడి రెండూ కూడేవాళ్లం. ఇంజను కలపాలా వద్దా, చివర గార్డు పెట్టె ఎవరి లెక్కలోకి వస్తుంది, ఎప్పుడూ తేలలేదు.

*

ఇక 27, 15.

రెండో తరగతి అనుకుంటాను. నల్లబల్ల మీద 27, దాని కింద 15, కింద గీత. రెండంకెల కూడిక అదే మొదలు. ఏడూ అయిదూ పన్నెండు, గీత కింద 12 రాశాను. రెండూ ఒకటీ మూడు, దాని ఎడమ పక్కన 3. మూడు వందల పన్నెండు. నిశ్చింతగా తీసుకెళ్లి చూపించాను.

కొట్టలేదు, కొట్టివేయనూ లేదు. "మూడు వందల పన్నెండు గింజలు నీ సంచిలో పడతాయా?" అన్నారు. నూరుకే నాడా బిగుసుకునే సంచి అది. పట్టవన్నాను. "అయితే పోసి చూద్దాం రా."

ఆయన దగ్గర చిన్న చిన్న గుడ్డపీలికలు ఉండేవి, పాత పంచె చింపినవి. పది గింజలు పెట్టి మూట కట్టించారు. రెండు మూటలు, ఏడు విడి గింజలు, అది 27. ఒక మూట, అయిదు విడివి, అది 15. విడివన్నీ ఒక దగ్గరికి జరిపాను, పన్నెండు. "ఇక్కడ పదికంటే ఎక్కువ ఉంటే ఏం చేయాలి?" మూట కట్టాలి అన్నాను, ఎవరూ చెప్పకుండానే. కట్టాను. రెండు గింజలు మిగిలాయి. "ఆ రెండూ ఒకట్ల కింద రాసెయ్. ఈ మూట పోగొట్టుకోకు, చేతిలో పెట్టుకో" అని నా ఎడమ చేతిలో పెట్టి వేళ్లు మూశారు. కుడిచేత్తో బలపం పట్టుకుని పదుల వైపు వచ్చాను. రెండు మూటలు, ఒక మూట, మూడు. "చేతిలో?" అన్నారు. ఒకటి. నాలుగు. 42.

అందరూ లెక్కలు చేసేటప్పుడు "రెండు వేసి చేతిలో ఒకటి" అంటారు కదా. నాకది మాట కాదు. చాలా ఏళ్లు నిజంగానే పిడికిలి బిగించేదాన్ని.

*

బ్యాంకులో క్లర్కుగా చేరాక మొదటి పదేళ్లూ కూడికలే నా బతుకు. కంప్యూటర్లు రాని కాలం. లెడ్జర్లు బ్యాలెన్స్ చేయాలంటే ఖాతాల నిల్వలన్నీ పొడుగు కాగితాల మీద దించుకుని కూడుకుంటూ పోవాలి. పై నుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి. బ్రాంచి మొత్తానికి ఫాసిట్ అని చేత్తో తిప్పే లెక్కల మిషన్ ఒకటి, దాని పిడి తిప్పే గరగర సాయంత్రాలు వీధిలోకి వినపడేది. అది పెద్దవాళ్ల బల్ల మీద ఉండేది, మాకు మనసూ వేళ్లే దిక్కు.

ఒకసారి 63 రూపాయలు తేడా వచ్చింది. రాత్రి తొమ్మిదైనా తేలలేదు, ఇంట్లో చంటిబిడ్డ, టెన్షన్‌తో ఒకే పేజీ నాలుగుసార్లు కూడి చూశాను. రిటైర్మెంటు దగ్గర పడ్డ హెడ్ క్యాషియర్ గారు వచ్చి, "తేడా తొమ్మిదితో పోతుందేమో చూడమ్మా" అన్నారు. ఏడు తొమ్మిదులు 63. అయితే తప్పు కూడికలో కాకపోవచ్చు, ఎక్కడో రెండంకెలు తారుమారై ఉంటాయి, వాటి మధ్య తేడా ఏడు ఉంటుంది, అలాంటి చోటు వెతుకు అన్నారు. పది నిమిషాల్లో దొరికింది, 1,281 ఉండాల్సిన చోట 1,218. ఆ అంకెల కింద వేలు పెట్టి కూర్చున్నాను కాసేపు. పక్కవాళ్లు ఫైళ్లు కట్టేసుకుంటున్నారు. నా ఎడమచేయి బల్ల కింద పిడికిలి బిగించే ఉంది.

*

అయ్యవారిని చివరిసారి ఒంగోలులో వాళ్లబ్బాయి ఇంట్లో చూశాను. చూపు తగ్గిపోయింది. పేరు చెప్పినా, నాయన పేరు చెప్పినా గుర్తు రాలేదు. తడుముకుంటుంటే నాకే బాధేసి, "27కీ 15కీ 312 రాసిన పిల్లని అయ్యవారూ" అన్నాను.

మొహం విప్పారింది. "అందరూ అదే రాసేవాళ్లు తల్లీ. అందుకేగా మొదట ఆ లెక్కే ఇచ్చేవాణ్ణి" అన్నారు.

యాభై ఏళ్లుగా ఆ తప్పు నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆయన ప్రతి ఏడూ ఒక తరగతి మొత్తాన్నీ ఆ గీత దాకా నడిపించుకొచ్చి, తప్పు చేసేదాకా ఆగి, అప్పుడు గుడ్డపీలికలు తీసేవారన్నమాట. వచ్చేటప్పుడు కాళ్లకు దండం పెడితే నా ఎడమచేయి దొరకబుచ్చుకుని కాసేపు పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు పోయారని కబురొచ్చింది. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి.

*

మా మనవరాలు రెండో తరగతి. ఈ గింజలు తెచ్చిన రోజు సాయంత్రం దానికి 27, 15 ఇచ్చాను. చకచకా వేసేసింది, రెండు మీద చిన్న 1 రాసి, కింద 42. తప్పేం లేదు. "ఆ పైన ఒకటి ఏంటమ్మా?" అన్నాను. "క్యారీ నాయనమ్మా. మిస్ అక్కడే వేయమన్నారు." ఎక్కడి నుంచి వచ్చిందంటే భుజాలు ఎగరేసింది.

సరే గింజలతో చేద్దాం అని కూర్చోబెడితే ఉన్నవి 38. "42 కావాలిగా, సరిపోవు" అని తనే అంది. ఇంకెన్ని కావాలో చూడు అన్నాను. 38 అని నోట్లో అనుకుని 39, 40, 41, 42 అని నాలుగు వేళ్లు ముడిచి, వంటింట్లోకి పరిగెత్తి నాలుగు శనగలు తెచ్చింది. గుడ్డపీలికలకు నా పాత కాటన్ చీర అంచు చింపాను. మూటలు కట్టడం దానికి భలే నచ్చింది. విడివి పన్నెండు ఒకచోట చేరాక నేను ఏమీ అనలేదు. కాసేపు చూసి, ఇంకో పీలిక అడిగింది. మూట కట్టి, "ఇదెక్కడ పెట్టాలి?" అంది.

చేతిలో పెట్టుకో అన్నాను.

లెక్క అయిపోయింది, గింజలు డబ్బాలో పోశాం, నేను స్టవ్ దగ్గరికి వెళ్లాను. అన్నాల దగ్గర చూస్తే అది ఎడమచేయి కంచం కింద దాచుకుని కూర్చుంది. "చేతిలో ఏంటే?" అన్నాడు వాళ్ల నాన్న.

"ఒకటి" అంది.

విప్పి చూపించమంటే మూట ముడి విప్పి కంచం పక్కన పోసింది. ఆరు చింతగింజలు, నాలుగు శనగలు.